రెక్టిఫయర్ వాల్వు: రిపేరు బల్ల దగ్గర వినే అపోహలు, చూసే వాస్తవాలు

పోయిన వేసవిలో గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తన ఈఎల్34 అవుట్‌పుట్ వాల్వుల పుష్‌పుల్ యాంప్లిఫయర్‌ని దుప్పట్లో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చారు. "ఏమయ్యా, రెండు నెలల్లో రెండు జీజెడ్34లు పోయాయి. అంతా డూప్లికేట్ సరుకు. ఈసారి ఒరిజినల్ ముల్లార్డ్ తెప్పిద్దామా?" అన్నారు. జీజెడ్34 అంటే ఏసీ కరెంటుని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు; ముల్లార్డ్ పాత ఇంగ్లీషు కంపెనీ. విజయవాడ గవర్నర్‌పేటలో నా బల్ల మీదికి వచ్చే రెక్టిఫయర్ గొడవలు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి.

అపోహ: వాల్వు తొందరగా పోయిందంటే సరుకు నాసిరకం.

వాస్తవం: ముందు సెట్టు బోర్లించి చూడాలి. మాస్టారి సెట్టులో మొదటి ఫిల్టర్ కండెన్సర్ ఉండాల్సిన చోట 220 మైక్రోఫారడ్ కొత్త డబ్బా కూర్చుని ఉంది. హమ్ (స్పీకర్లో గుయ్యిమనే మోత) తగ్గుతుందని ఎవరో మెకానిక్ వేశాడట. జీజెడ్34 డేటాషీట్ ఒప్పుకునేది 60. ఖాళీ కండెన్సర్ నిండేటప్పుడు వాల్వు నుంచి కరెంటు ఒక్క ఉదుటున లాగుతుంది. నిండాక కూడా ప్రతి సైకిల్‌లో వోల్టేజి కొసకి చేరే ఆ కాసేపట్లోనే తన వాటా అంతా గుంజుకుంటుంది. కండెన్సర్ పెద్దదైన కొద్దీ ఆ గుంజుడు ఎక్కువ. చివరికి కాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) పూత రేగి, లోపల ఒక మెరుపు మెరిసి, ఫ్యూజు పోతుంది. వేలు పోసి ముల్లార్డ్ పెట్టినా మెరుపు అదే. మొదటి చోట 47 పెట్టి, ఆ 220ని చోక్ (ఫిల్టర్ కాయిల్) అవతలికి జరిపాను. హమ్ పెరగలేదు. మాస్టారు 'డూప్లికేట్' అని పక్కన పడేసిన మూడో వాల్వే ఇప్పటికీ పాడుతోంది.

మిగతా రెక్టిఫయర్ల లెక్క కూడా మైక్రోఫారడ్లలో గుర్తుపెట్టుకోండి: 5వై3జీటీకి 20, 5యు4జీబీకి 40, ఈజెడ్81కి 50. 5ఆర్4జీవైకి మరీ 4. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల రెసిస్టెన్స్ కూడా చూడాలి. ఇప్పుడొచ్చే టొరాయిడల్ (గుండ్రటి) ట్రాన్స్‌ఫార్మర్లలో అది బాగా తక్కువ, కాబట్టి ఒక్కో ఆనోడ్‌కి (ఎలక్ట్రాన్లని అందుకునే ప్లేటుకి) వరసలో రెసిస్టర్ వేయాల్సి రావచ్చు. ఎంత వేయాలో డేటాషీట్‌లోనే ఉంటుంది. ఆ కాగితం చదవకుండా వాల్వు కొనడం, సైజు అడక్కుండా చెప్పులు కొనడం ఒకటే.

అపోహ: ఆక్టల్ (ఎనిమిది పిన్నుల) సాకెట్‌లో దిగితే ఏదైనా వేసుకోవచ్చు.

వాస్తవం: 5వై3, 5యు4, 5ఏఆర్4 (జీజెడ్34కి ఇంకో పేరు) మూడిటికీ హీటర్ 2, 8 పిన్నులు, ఆనోడ్లు 4, 6. అక్కడితో చుట్టరికం సరి. 5ఏఆర్4 హీటర్ తాగేది 1.9 ఆంపియర్లు, 5యు4ది 3. ఈ పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో నేను 5ఏఆర్4 బదులు 5యు4 గుచ్చి, టీ తాగొచ్చేసరికి వార్నిష్ కాలిన వాసన. ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికి అయిన డబ్బుతో నాలుగు వాల్వులు వచ్చేవి. తిరగేసి 5వై3 సెట్టులో 5ఏఆర్4 పెడితే ఇంకో తంటా: హెచ్.టి. (వాల్వులకు అందే హై వోల్టేజి డీసీ) నలభై యాభై వోల్టులు పెరిగి, అవుట్‌పుట్ వాల్వుల ప్లేట్లు ఎర్రబడతాయి, 450 వోల్టుల కండెన్సర్లకు గండం.

అపోహ: రెక్టిఫయర్ మారిస్తే పాట రంగే మారిపోతుంది.

వాస్తవం: మారుతుంది, కానీ ఎక్కువగా వోల్టేజి మారడం వల్ల. 225 మిల్లీ ఆంపియర్ల దగ్గర 5యు4జీ 44 వోల్టులు మింగితే జీజెడ్34 మింగేది 17. క్లాస్ ఏబీ సెట్టులో మృదంగం దెబ్బ పడ్డప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, హెచ్.టి. కాస్త కుంగి లేస్తుంది. కొందరికి ఆ మెత్తదనం ఇష్టం. గిటార్ వాళ్లయితే దానికోసం పడి చస్తారు. సింగిల్ ఎండెడ్ క్లాస్ ఏలో కరెంటు దాదాపు నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ కుంగుడు ఉండదు. ఒకే నంబరు, రెండు కంపెనీలు, వోల్టేజి ఒకటే. అప్పుడు తేడా వినమంటే నా చెవికి ఆనలేదు. మీ చెవికి ఆనితే డబ్బు మీది.

అపోహ: పాత స్టాకు అంటే బంగారం.

వాస్తవం: గాజు మీద పెయింటు పేరు ఎవరైనా మళ్లీ అచ్చు వేయగలరు. ముల్లార్డ్ వాళ్ల బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ జీజెడ్34కి అడుగున, గాజులోకి చెక్కిన చిన్న కోడ్ ఉంటుంది. రెండో వరుస బి అక్షరంతో మొదలవుతుంది. భూతద్దం పెట్టి చూడండి. గెట్టర్ (గాజు లోపల మిగిలిన గాలిని పీల్చే పూత) వెండిలా మెరవాలి. తెల్లగా పాలిపోతే లోపలికి గాలి చేరినట్టే. అమ్మేవాడు మల్టీమీటర్ పెట్టి 'ఓకే' అంటే హీటర్ తెగలేదని మాత్రమే అర్థం. ఎమిషన్ (కాథోడ్ ఎలక్ట్రాన్లు వదిలే సత్తా) తెలియాలంటే టెస్టర్ మీదో, సెట్టులో లోడు మీదో చూడాలి.

నీలి వెలుగు గాజుకి అంటుకుని కనిపిస్తే టెన్షన్ పడకండి. ప్లేట్ల మధ్య ఊదారంగు పొగలా నిండితే మాత్రం తీసి పక్కన పెట్టండి.

అపోహ: ఒక్కో ఆనోడ్‌కి 1ఎన్4007 డయోడ్ వేస్తే ఇక భయం లేదు.

వాస్తవం: వేయడం మంచిదే, వాల్వు లోపల షార్ట్ అయినా ట్రాన్స్‌ఫార్మర్ మిగులుతుంది. కానీ 350-0-350 (ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మధ్య నుంచి రెండు వైపులా 350 వోల్టులు) సెట్టులో వెనక్కి పడే వోల్టేజి 990. ఆ డయోడ్ తట్టుకునేది 1000. మా వీధిలో మెయిన్స్ రాత్రిపూట 245 చూపిస్తుంది, ఇక మిగిలేదేముంది? వరసగా రెండేసి వేయండి. పాత సెట్టు ట్రాన్స్‌ఫార్మర్ 220 వోల్టుల ట్యాప్ మీదే ఉంటే ఆ 245కి 5 వోల్టుల హీటర్ 5.57 అవుతుంది, అది పది శాతం దాటినట్టే. ట్యాప్ 240కి మార్చండి.

అసలు దెబ్బ కరెంటు పోయి మూడు నాలుగు సెకన్లలో వచ్చినప్పుడు తగులుతుంది. అవుట్‌పుట్ వాల్వులు ఇంకా వేడిగా ఉండి కండెన్సర్లను ఖాళీ చేసేస్తాయి, రెక్టిఫయర్ కాథోడ్ కూడా వేడిగానే ఉంటుంది. ఖాళీ కండెన్సర్లలోకి దూకే కరెంటుని ఆపేదెవరు? ఇన్‌రష్ (స్విచ్ వేయగానే దూకే కరెంటు) ఆపడానికి వేసిన థర్మిస్టర్ కూడా అప్పటికి చల్లారదు. దీపం ఆరగానే సెట్టు స్విచ్ తీసేసి, కరెంటు వచ్చాక రెండు నిమిషాలు ఆగి వేయండి.