నాట్ అంటే ముడే: ఓడవాళ్ల మాటల గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

గొంతు బొంగురు చేసుకుని "ఆర్ర్" అని అరిస్తే సముద్రపు దొంగలైపోరర్రా. ఆ అరుపు సినిమాది. 1950లో వచ్చిన ఒక చిత్రంలో రాబర్ట్ న్యూటన్ అనే నటుడు నైరుతి ఇంగ్లండ్ యాసను సాగదీసి పలికాడు, అదే తెరమీది దొంగలందరికీ అంటుకుంది. అసలు దొంగల్లో చాలామంది అంతకుముందు వర్తకపు ఓడల్లో పనిచేసినవాళ్లే. కాబట్టి వాళ్ల నోట పలికేవీ ఆ పని మాటలే.

ఓడ వేగాన్ని నాట్లలో చెబుతారు కదా, ఆ నాట్ అచ్చంగా తాడుకు వేసిన ముడే. పూర్వం వేగం కొలవడానికి, పావు వృత్తంలా కోసిన చెక్కకు గుండ్రటి అంచున సీసం బిగించేవారు. నీళ్లలో అది నిలువుగా నిలబడి, వేసిన చోటే దాదాపు ఆగిపోతుంది. ఓడ ముందుకు పోతుంటే దానికి కట్టిన తాడు గిలక నుంచి వెనక్కి జారుతుంది. ఓడ వెనక నీళ్లు సుడులు తిరుగుతాయి కనుక, చెక్క వాటిని దాటేదాకా లెక్క మొదలుపెట్టేవారు కాదు. అక్కడికి గుర్తుగా తాడుకు ఒక గుడ్డపీలిక ఉంటుంది. అది చేతిలోంచి జారగానే 28 సెకన్ల ఇసుక గడియారం తిప్పేవారు. అక్కణ్ణుంచి ప్రతి 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి. ఇసుక అయ్యేలోగా ఎన్ని ముళ్లు జారితే గంటకు అన్ని నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. "గంటకు పది నాట్లు" అనకండి, గంట అందులోనే ఉంది. చెక్కకు కట్టిన తాళ్లలో ఒకటి చిన్న మేకుతో బిగించి ఉంటుంది. గట్టిగా గుంజితే మేకు ఊడి చెక్క పడుకుంటుంది, అప్పుడు లాక్కోవడం సులువు. చెక్క పేరు లాగ్, ఆ వేగం రాసుకునే పుస్తకం లాగ్‌బుక్.

ఇసుక చెమ్మపట్టి మెల్లగా దిగితే వేగం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. తాడు సాగితే తక్కువ కనిపిస్తుంది. నన్నడిగితే ఈ రెండోదే ప్రమాదం: ఇంకా దూరముందనుకున్న తీరం చీకట్లో మీదికొస్తుంది. అందుకే తాడును తడిపి, మాటిమాటికీ కొలిచి చూసుకునేవారు.

లోతుకు ఫాథమ్. అంటే 6 అడుగులు, మన బార. తాడు చివర మూడు నుంచి ఆరు కిలోల సీసపు గుండు కట్టి, ఓడకు ముందుగా విసరాలి. గుండు అడుగుకు తగిలి, ఓడ సరిగ్గా దానిమీదికి వచ్చేసరికి తాడు నిటారుగా ఉండాలి. ఏటవాలుగా ఉంటే లేని లోతు ఉన్నట్టు చూపిస్తుంది, ఓడ అడుగు నేలకు తగిలి ఇరుక్కుపోతుంది. తాడుకు 2 బారల దగ్గర రెండు తోలు పీలికలు, 3 దగ్గర మూడు, 5 దగ్గర తెల్లగుడ్డ, 7 దగ్గర ఎర్రగుడ్డ, 10 దగ్గర చిల్లున్న తోలుముక్క. గుడ్డల నేత కూడా వేరువేరు, చీకట్లో తడిమి పోల్చుకోవడానికి. గుండు అడుగున గుంట చేసి పశువుల కొవ్వు కూరేవారు. దానికి ఇసుకో బురదో గవ్వలో అంటుకొస్తాయి. ఏమీ అంటకపోతే కింద రాయి ఉన్నట్టు, లంగరు పట్టదు. అమెరికాలో మిసిసిపీ నది స్టీమర్లలో రెండు బారల లోతుకు "మార్క్ ట్వెయిన్" అని కేకేసేవారు. శామ్యూల్ క్లెమెన్స్ రచయితగా పెట్టుకున్న పేరు అదే.

ఓడకు కుడివైపు స్టార్‌బోర్డ్, ఎడమవైపు అప్పట్లో లార్‌బోర్డ్. గాలిహోరులో రెండూ ఒకేలా వినపడి చుక్కాని తప్పు వైపు తిరిగేది. 1844లో బ్రిటిష్ నావికాదళం ఎడమను పోర్ట్ అనాలని ఆజ్ఞ వేసింది. ఇంగ్లీషు ఓడల్లో పనిచేసిన మన దేశపు నావికుల్ని లాస్కర్లనేవారు. వాళ్ల పెద్ద సరంగు. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి మనం ఇప్పటికీ అలాగే పిలుస్తాం.

ముళ్లతో వేగం కొలవడం మీరూ చేయొచ్చు. ఊరి కాలవ మీద వంతెన ఉంటే, పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లండి. సన్నతాడుకు 3.6 మీటర్లకొక ముడి వేసి, కొసకు చెక్క కట్టి, నీళ్లు పోయే వైపు వదలండి. మొదటి ముడి చేతిలోంచి జారగానే ఫోనులో 7 సెకన్లు పెట్టండి. ఆ మొదటిదాన్ని లెక్కలో వేయొద్దు, తర్వాత జారినన్ని ముళ్లే నాట్లలో కాలవ వేగం. తాడు బిగుసుకోకుండా చేతిలోంచి వదులుతూనే ఉండాలి, లేకపోతే చెక్క ఆగి వేగం తక్కువ వస్తుంది.

మీ తాతయ్య