హెర్‌టూ: రిపోర్టులో ఒక్క లైను, దాని వెనక నలభై ఏళ్లు

బెంగళూరు డెయిరీ సర్కిల్ దగ్గర, కిద్వాయ్ ఆసుపత్రి గేటు ముందు పొద్దున్నే నిలబడితే చుట్టూ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. హిందూపురం, మదనపల్లె, కుప్పం, అనంతపురం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కాన్లు, బయాప్సీ కాగితాలు. రొమ్ము క్యాన్సర్ అని తేలినవాళ్ల కాగితాల్లో ఒక లైను తప్పకుండా ఉంటుంది: హెర్‌టూ. కణాల మీద ఉండే ఒక ప్రోటీన్ పేరు అది. దాని పక్కన జీరో, వన్ ప్లస్, టూ ప్లస్, త్రీ ప్లస్‌లలో ఏదో ఒకటి.

మూడేళ్ల కిందట మా మేనత్తను నేనే వెంటబెట్టుకుని తిరిగాను, బెంగళూరులోనే ఇంకో ఆసుపత్రికి. రిపోర్టులో ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్ (ఈ రెండూ కణితి హార్మోన్లకు స్పందిస్తుందా అని చూసేవి), హెర్‌టూ టూ ప్లస్ అని ఉంది. డాక్టరమ్మ చూసి "ఫిష్ చేయించండి" అంది. బయటికొచ్చాక అత్త నన్ను ఆపి, "చేపలు తినమనిందా, మానుకోమనిందా?" అని అడిగింది. ఆ టెన్షన్‌లో కూడా ఇద్దరం నవ్వుకున్నాం. ఆ టూ ప్లస్ అంటే ఏమిటో నాకూ తెలియదు అప్పటికి. తర్వాత చదివి తెలుసుకున్నదే ఇది.

కథ ఎలుక పిల్లల కళ్లతో మొదలవుతుంది. స్టాన్లీ కోహెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించాడు. మామూలుగా రెండు వారాలకు విచ్చుకోవాల్సిన కళ్లు వారానికే విచ్చుకున్నాయి. చర్మకణాలను తొందరపెట్టి పెంచే పదార్థమేదో అందులో ఉందన్నమాట. 1962లో దాన్ని విడదీసి చూపించాడు. ఈజీఎఫ్ అని పేరు. ఈ దారిలో చేసిన పనికి 1986లో రీటా లెవీ మోంటల్‌చీనితో కలిసి నోబెల్ వచ్చింది. కణానికి "పెరుగు" అనే కబురు బయట నుంచి వస్తుందంటే, దాన్ని అందుకునేది కణం మీద ఒకటి ఉండాలి కదా. ఆ అందుకునే ప్రోటీన్లు ఒకే కుటుంబంలో నాలుగు. హెర్‌టూ వాటిలో రెండోది.

ఈ రెండోదాన్ని మాత్రం ఎవరూ వెతుక్కుంటూ వెళ్లి పట్టుకోలేదు. 1980ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ అనే క్యాన్సర్ శాస్త్రవేత్త ల్యాబులో, మన దేశం నుంచి వెళ్లిన లక్ష్మీచరణ్ పాఢి ఎలుకల్లో నరాల కణితి మీద పనిచేస్తున్నాడు. ఆ కణితి డీఎన్‌ఏని మామూలు కణాల్లోకి ఎక్కిస్తే అవీ క్యాన్సర్ కణాల్లా పెరిగాయి. ఆ డీఎన్‌ఏ వల్ల పుట్టుకొచ్చే ఒక ప్రోటీన్‌ను 1982లో గుర్తించారు. నరాల కణితిలో దొరికింది కాబట్టి ఆ జన్యువును 'న్యూ' అన్నారు. 1985లో ఆక్సెల్ ఉల్‌రిచ్ బృందం జెనెన్‌టెక్ కంపెనీలో మనిషి జన్యువును పట్టుకుని హెర్‌టూ అంది. కోళ్లకు రక్త క్యాన్సర్ తెచ్చే వైరస్‌లోని జన్యువుకు ఇది చుట్టమని తేల్చినవాళ్లు ఎర్బ్‌బీటూ అన్నారు. చివరికి మూడు పేర్లూ ఒకదానివే. కొన్ని రిపోర్టుల్లో ఇప్పటికీ రెండు పేర్లు పక్కపక్కనే వేస్తారు. అది చూసి రెండు జబ్బులున్నాయేమోనని హడలిపోయినవాళ్లు నాకు తెలుసు.

ఇంతకీ ఇది చేసే పని ఏమిటి? కణం పైపొరలో, సగం బయటికీ సగం లోపలికీ ఉంటుంది. తన అన్నదమ్ముల్లా బయటి కబురు కోసం ఎదురుచూడదు. దానికంటూ కబురు తెచ్చేదే లేదు. ఎప్పుడూ చెయ్యి చాచుకునే ఉంటుంది. పక్కన ఇంకోటి తగిలితే జతకడుతుంది, ముఖ్యంగా మూడోదానితో. జత కుదరగానే లోపలి భాగం పనిలోకి దిగి వరసగా సంకేతాలు పంపుతుంది. కణ విభజనకు మొదటి గేటు దగ్గర కాపలా కాసే ప్రోటీన్లు పక్కకు తప్పుకుంటాయి, సైక్లిన్ డీ1 లాంటి తోసేవి పెరుగుతాయి. కణం రెండవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం మీద హెర్‌టూలు వేలల్లో ఉంటాయి కాబట్టి ఈ జతలు అప్పుడప్పుడూ కుదురుతాయి. కొన్ని కణితుల్లో 17వ క్రోమోజోము మీద ఉండే ఆ జన్యువు పదుల కాపీలుగా పెరిగిపోతుంది. అప్పుడు ఒక్కో కణం మీద 20 లక్షల దాకా హెర్‌టూలు. తోసుకుంటూ ఉంటే జతలకు కొదవేముంది?

బంధువులందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది ఆడపిల్లలకు కూడా వస్తుందా?" హెర్‌టూ కాపీలు పెరగడం ఆ కణితిలో జరిగిన సంగతి, తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. వంశంలో రాగలిగేది బీఆర్‌సీఏ లాంటి వేరే జన్యువుల్లోని మార్పు. దాని పరీక్ష వేరు.

1987లో లాస్ ఏంజెలెస్ డాక్టరు డెన్నిస్ స్లామన్, ఉల్‌రిచ్ కలిసి 189 మంది కణితులను పరీక్షించారు. సుమారు 30 శాతంలో ఈ జన్యువు కాపీలు పెరిగి ఉన్నాయి. కాపీలు ఎక్కువున్నవాళ్లకు జబ్బు త్వరగా తిరగబెట్టింది, ఆయుష్షు కూడా తక్కువే. తర్వాతి లెక్కల్లో ఆ శాతం 15 నుంచి 20కి దిగింది. అంతకు రెండేళ్ల ముందే, 1985లో, మార్క్ గ్రీన్ బృందం ఎలుకల్లోని ఆ 'న్యూ' ప్రోటీన్‌ను యాంటీబాడీతో (ఒకే గురిని వెతికి అతుక్కునే ప్రోటీన్‌తో) పట్టేస్తే క్యాన్సర్ కణాలు మళ్లీ బుద్ధిగా నడుచుకుంటాయని చూపించింది.

దీని విలువ తెలియాలంటే అప్పటిదాకా ఉన్న మందుల సంగతి గుర్తు చేసుకోవాలి. మన భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో అమెరికాలో తయారుచేసిన మందుల వారసత్వమే మెథోట్రెక్సేట్. క్యాన్సర్ వైద్యాన్నే మలుపు తిప్పిన మందు అది. కానీ కీమో మందులకు విభజన చెందే కణమేదైనా ఒకటే. జుట్టు, నోరు, పేగులు అన్నీ దెబ్బతింటాయి. హెర్‌టూ కణం బయటికి తల పెట్టి ఉంది కాబట్టి, కీమోకు లేని ఒక గురి ఇక్కడ దొరికింది.

జెనెన్‌టెక్ మొదట్లో అంత ఉత్సాహం చూపలేదు. స్లామన్ వెంటపడ్డాడు. ఎలుక నుంచి తీసిన యాంటీబాడీని మన ఒంటికి పడేలా 1992 నాటికి మార్చారు. అదే ట్రాస్టుజుమాబ్, హెర్సెప్టిన్ పేరుతో వచ్చింది. ప్రయోగ దశలోనే మందు ఇవ్వమని వేడుకుని, దొరక్క ఒకావిడ చనిపోతే, 1994 డిసెంబరులో ఆవిడ స్నేహితులు కార్ల వరసతో కంపెనీ ఆవరణలోకే ఊరేగింపుగా వెళ్లారు. ఆ తర్వాతే ట్రయల్స్‌లో రోగుల సంఘాల మాటకు చోటు దొరికింది. 469 మంది మీద జరిగిన ట్రయల్ ఫలితాలతో 1998 సెప్టెంబరులో అమెరికా అనుమతి వచ్చింది. 2005లో వచ్చిన ఫలితాలు ఇంకా పెద్దవి. ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు ఇస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. గుండె కణాలకు కూడా హెర్‌టూ కావాలి కాబట్టి ఈ మందుతో గుండె కొట్టుకునే బలం తగ్గవచ్చు. మూడు నెలలకోసారి ఎకో తీయించమనేది అందుకే. "రొమ్ముకు మందిచ్చి గుండెకు స్కానింగేంది?" అని గొణిగేవాళ్లకు ఇదీ జవాబు.

ఇక డబ్బు. బెంగళూరు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే.

బరువును బట్టి మోతాదు. 60 కిలోల మనిషికి మొదటిసారి 480 మిల్లీగ్రాములు, తర్వాత మూడు వారాలకోసారి 360. ఏడాదిలో 18 సార్లు. మొత్తం 6,600 మిల్లీగ్రాములు, అంటే 440 మిల్లీగ్రాముల సీసాలు చుక్క పారబోయకుండా వాడితే సరిగ్గా 15. మన దేశంలో సీసా ధర లక్ష దాటి ఉండేది. 2012లో రోష్ కంపెనీ (అప్పటికే జెనెన్‌టెక్ దాని చేతిలో ఉంది) ఇక్కడి కంపెనీతో కలిసి వేరే పేరుతో సుమారు 75 వేలకు తెచ్చింది. అయినా 15 సీసాలకు 11 లక్షలు పైనే. రెండెకరాల చెలక అమ్మినా చాలదు. అదే సమయంలో రోగులు, మహిళా సంఘాలవాళ్లు ఈ మందు అందరికీ అందే ధరకు రావాలని ఉద్యమం మొదలుపెట్టారు. కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటున్నా వేరేవాళ్లు మందు చేసుకోవచ్చనే ప్రభుత్వ అనుమతి, ఇవ్వాలన్న మాట 2013లో ప్రభుత్వం దాకా వెళ్లింది. ఆ ఏడాది ఆగస్టులో రోష్ ఇక్కడి పేటెంటును వదులుకుంది.

బయోకాన్ అనే కంపెనీని కిరణ్ మజుందార్ షా 1978లో బెంగళూరులో ఒక గ్యారేజీలో మొదలుపెట్టింది. మొదట్లో చేసింది బొప్పాయి పాల నుంచి తీసే ఎంజైము. 2006లో హెర్‌టూకు అన్నలాంటి ఈజీఎఫ్‌ను అందుకునే ప్రోటీన్ మీద పనిచేసే యాంటీబాడీని మార్కెట్లోకి తెచ్చింది. 2014 జనవరిలో అమెరికా కంపెనీ మైలాన్‌తో కలిసి చేసిన ట్రాస్టుజుమాబ్‌ను క్యాన్‌మాబ్ పేరుతో దించింది. 440 మిల్లీగ్రాముల సీసా 57,500 రూపాయలు. 15 సీసాల లెక్కకు 8,62,500. చవకని నేననను, కానీ తలుపు కొంచెం తెరుచుకుంది.

నెల తిరక్కుండానే రోష్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. సరిపడా పరీక్షలు చేయకుండా మా మందు పేరు చెప్పుకుని అమ్ముతున్నారని దాని వాదన. ఈ గొడవ అర్థం కావాలంటే పెరుగు తోడుపెట్టడం గుర్తు తెచ్చుకుంటే చాలు. పారాసిటమాల్ చిన్న అణువు, ఎవరు చేసినా ఒకటే. యాంటీబాడీని బతికున్న కణాలతో, చైనా చిట్టెలుక అండాశయ కణాలతో, పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి తీస్తారు. ఒకే పాలు, ఒకే తోడు, అయినా మా ఇంటి పెరుగు మీ ఇంటి పెరుగులా ఉండదు. అందుకే దీన్ని జెనరిక్ అనరు, బయోసిమిలర్ అంటారు. ఎంత దగ్గరగా ఉంటే చాలు అన్నదే తగాదా. కేసు సాగుతుండగానే మందూ అమ్ముడవుతూ వచ్చింది. 2015లో ట్రాస్టుజుమాబ్ మన అత్యవసర మందుల జాబితాలోకి, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోకి కూడా ఎక్కింది. 2017 డిసెంబరు 1న ఇదే బెంగళూరు కంపెనీ మందుకు, అమెరికాలో మొట్టమొదటి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌గా అనుమతి దొరికింది. పెరుగు రుచి గురించిన తగాదాకు అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది అని నాకనిపిస్తుంది. ఆ తర్వాత ఇంకా కంపెనీలు దిగాయి, ధరలూ దిగాయి.

మళ్లీ అత్త ఫిష్ దగ్గరికి. కణితి ముక్కకు రంగు వేసి హెర్‌టూ ఎంత ఉందో చూసే పరీక్షలో త్రీ ప్లస్ వస్తే పాజిటివ్, జీరో, వన్ ప్లస్ వస్తే నెగటివ్. టూ ప్లస్ అంటే చెప్పలేం అని. అప్పుడు మెరిసే చుక్కలతో కణంలో జన్యువు కాపీలను లెక్కపెడతారు. ఇదే ఫిష్. అత్తకు నెగటివ్ వచ్చింది. ట్రాస్టుజుమాబ్ అక్కర్లేదన్నారు. ఖర్చు తప్పిందని ఊపిరి పీల్చుకున్నామని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అత్త నెగటివ్ అయిన ఆ రోజుల్లోనే ఆ మాటకు అర్థం మారిపోతోంది. ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందును అతికించి చేసిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ హెర్‌టూ కొద్దిగా ఉన్న కణాలను కూడా వెతికి పట్టుకుంటుంది. జబ్బు ఒంట్లో పాకినవాళ్లలో వన్ ప్లస్, ఫిష్ నెగటివ్ అయిన టూ ప్లస్ వాళ్లకు కూడా ఇది మేలు చేసిందని 2022 జూన్‌లో ఫలితాలు చెప్పినప్పుడు, షికాగోలో జరిగిన క్యాన్సర్ వైద్యుల సభలో డాక్టర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిన్నటి నెగటివ్‌లకు 'హెర్‌టూ లో' అని కొత్త పేరొచ్చింది. 2024 జులై బడ్జెట్లో ఈ కొత్త మందు మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. ధర మాత్రం హెర్సెప్టిన్ తొలిరోజులను గుర్తుచేస్తోంది.

ఈ ఏడాది మొదట్లో స్కానులో అత్తకు ఊపిరితిత్తి దగ్గర చిన్న మచ్చ కనిపించింది. డాక్టరమ్మ పాత రిపోర్టు తిప్పి చూసి, "బ్లాక్ ఉందా?" అంది. ఆ రోజు తీసిన కణితి ముక్కను మైనంలో బిగించి దాచే చిన్న బిళ్ల అది. ల్యాబువాళ్లు దాన్ని ఇవ్వడానికి మమ్మల్ని నాలుగుసార్లు తిప్పారని గుర్తొచ్చింది. దేనికో తెలియకుండానే పట్టుబట్టి తెచ్చుకున్నాం. ఊరికి ఫోన్ చేస్తే అత్త, "బీరువాలో పట్టుచీరల కింద పెట్టినానురా, భూమి కాగితాల పక్కనే. రాత్రి బస్సుకి తెస్తాలే" అంది.