ఉల్లికోడుతో ఓరుగల్లు పోరు: అరవై ఏళ్ల నేపథ్యం

వరి నాటు ఆలస్యమైన ఏడాదల్లా వరంగల్, కరీంనగర్, జగిత్యాల రైతులకు ఉల్లికోడు టెన్షన్ తప్పదు. పిలకలో కొత్త ఆకు రావాల్సిన చోట ఉల్లికాడలా తెల్లటి గొట్టం లేస్తుంది. గొట్టం కొసకు దగ్గర్లో చిన్న రంధ్రం, దానికి వేలాడుతూ పల్చటి పొర కనిపిస్తే లోపలి పురుగు అప్పటికే ఎగిరిపోయినట్టు. ఆ పిలక ఇక కంకి వేయదు. చాలామంది మందు డబ్బాతో పొలంలోకి దిగేది సరిగ్గా అప్పుడే. అది డబ్బు దండగ. అందుకే ఈ పురుగు విషయంలో భారమంతా దాన్ని తట్టుకునే విత్తనం మీదే పడింది.

ఇది చూడ్డానికి తెగులులా ఉంటుంది గానీ, చేసేది దోమంత ఈగ. రాత్రిపూట ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లపురుగు ఆకు మీది తేమలోనే పాకుతూ మొవ్వులోకి దిగుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఉధృతి పెరగడానికి కారణం అదే. పురుగు తింటూ వదిలే పదార్థాల వల్ల మొవ్వు గొట్టంగా మారిపోతుంది.

1960ల్లో టీఎన్ 1, ఐఆర్ 8 లాంటి పొట్టి రకాలు వచ్చాయి. దిగుబడి పెరిగింది, కానీ అవి ఉల్లికోడుకు తట్టుకునే రకాలు కావు. అప్పుడు వరంగల్ పరిశోధన కేంద్రం ఈశ్వరకోర అనే దేశీ రకాన్ని ఎంటీయూ 15తో కలిపి డబ్ల్యు 1263 అనే వంగడాన్ని తెచ్చింది. ఆ డబ్ల్యు వరంగల్‌దే. ఉల్లికోడును అడ్డుకునే జన్యువుల్లో మొదటిదిగా లెక్కించే జీఎం 1 దీనిలోదే. ఉల్లికోడు మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఈ వంగడాన్ని పోలిక కోసం పక్కన పెట్టుకునే పరీక్షలు చేస్తారు. మన జిల్లాకు ఇది చిన్న గౌరవం కాదు, అయినా ఇక్కడ చాలామందికి ఈ సంగతే తెలియదు. థాయ్‌లాండ్ రకం సియామ్ 29 నుంచి వచ్చిన జీఎం 2 జన్యువు 1970ల్లో సురేఖ, ఫల్గుణ రకాల ద్వారా పొలాలకు చేరింది.

తట్టుకోవడం అంటే పురుగు మొక్క మీదికి రాకపోవడం కాదు. వస్తుంది, మొవ్వు దాకా చేరుతుంది, అక్కడ చస్తుంది. ఫల్గుణ లాంటి రకాల్లో పురుగు చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే చనిపోతాయి. పిలక మొదలు చీల్చి చూస్తే ఆ చోటు గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. డబ్ల్యు 1263లో ఆ మచ్చ పడకుండానే పురుగు చస్తుంది. ఏ పద్ధతిలోనైనా కాపలా కాసేది ఒక్క జన్యువే, బలహీనత కూడా అక్కడే ఉంది. ఆ కాపలాను దాటగల పురుగులు మొదట్లో ఏ కొన్నో ఉంటాయి. ఊరంతా ఒకే రకం వేస్తే మిగిలేవి అవే, పెరిగేవీ అవే.

జరిగింది కూడా అదే. ఏ వరి రకాలను లొంగదీస్తుందన్న దాన్ని బట్టి ఉల్లికోడును బయోటైప్‌లుగా విడదీస్తారు. జగిత్యాల ప్రాంతపు ఉల్లికోడు మూడో బయోటైప్‌కు చెందింది. దానికి ఫల్గుణ లొంగిపోతుంది, డబ్ల్యు 1263 నిలబడుతుంది. వరంగల్ ఉల్లికోడు ఇంకా మొండిది. అది కొత్త బయోటైప్ అని 2006లో శాస్త్రవేత్తలు నిర్ధారించి 4ఎం అని పేరు పెట్టారు. డబ్ల్యు 1263 పుట్టిన నేల మీదే ఆ వంగడం దీని ముందు నిలవలేదు, ఫల్గుణా నిలవలేదు. పరీక్షల్లో దీన్ని గట్టిగా తట్టుకున్నది జీఎం 3 జన్యువున్న ఆర్‌పీ 2068 అనే వంగడం. అయితే ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తుంది. కాబట్టి దాన్ని మరో రకంలోకి ఎక్కించడం ఆలస్యమయ్యే పని. జన్యువు ఆనవాలు పట్టే డీఎన్‌ఏ మార్కర్లు వచ్చాక లేత నారులోనే జన్యువు ఉందో లేదో చూసే వీలు కలిగి, కొంత సులువైంది.

ఈలోగా రైతు అవసరం మారింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి అన్నానికి అలవాటుపడ్డ నోరు దొడ్డు బియ్యం వైపు చూడలేదు. కానీ సాంబ మసూరికి ఉల్లికోడును ఆపే శక్తి లేదు. దాన్ని వరంగల్ రకం కావ్యతో కలిపి జగిత్యాల పొలాస పరిశోధన కేంద్రం జగిత్యాల సన్నాలు తెచ్చింది. సన్నగింజ, తక్కువ కాలం, ఉల్లికోడును తట్టుకునే గుణం ఒకే విత్తనంలో దొరకడం ఉత్తర తెలంగాణకు పెద్ద ఊరట. 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడంతో సన్నరకాల వైపు మొగ్గు ఇంకా పెరిగింది. ఆ సన్నాలన్నీ ఉల్లికోడుకు ఆగేవి కావు.

ఒక్క జన్యువు మీద ఆధారపడొద్దన్న పాఠం బ్యాక్టీరియా ఎండాకు తెగులు విషయంలో ముందే అమలైంది. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ, అక్కడిదే అయిన జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి మూడు జన్యువులు చేర్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఉల్లికోడుకూ అదే దారి, కానీ ఏ జన్యువులను జత చేయాలన్నది ఊరిని బట్టి మారుతుంది. జగిత్యాలలో నిలిచిన రకం వరంగల్‌లో నిలవకపోవచ్చు. విత్తనం కొనేటప్పుడు "ఉల్లికోడుకు ఆగుతుందా?" అని అడిగితే చాలదు, "మా దగ్గరి ఉల్లికోడుకు ఆగుతుందా?" అని అడగాలి. ఆ జవాబు పరిశోధన కేంద్రాల దగ్గర ఉంటుంది. దాన్ని మండలాల వారీగా, నారు పోయకముందే రైతుకు చేర్చే బాధ్యత వ్యవసాయ శాఖ తీసుకోవాలి.