ఈనిన ఆవు ఎదకెందుకు రాదు?

ఇచ్ఛాపురం, పాతపట్నం నుంచి సరిహద్దు అవతల పర్లాకిమిడి దాకా పాడి రైతుల బాధ ఒకటే: ఈని మూడు నెలలైనా ఆవు ఎదకు రాదు. వెంటనే ఎద సూది వేయించాలనిపిస్తుంది. ముందు చూడాల్సింది మేత.

చూడితో ఉన్నన్నాళ్లూ ఆవు ఒంట్లో చూడిని నిలిపే హార్మోను ప్రొజెస్టిరాన్ ఎక్కువ. ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు అది పడిపోతుంది. పుటికల్ని (అండం పెరిగే నీటి బుడగల్ని) లేపే హార్మోను ఎఫ్.ఎస్.హెచ్. త్వరగానే కోలుకుని, పది రోజుల్లోపే అండాశయం మీద కొత్త పుటికలు లేస్తాయి. ఆలస్యమంతా అండాన్ని విడిపించే హార్మోను ఎల్.హెచ్. దగ్గరే. మెదడు కింద ఉండే పీయూష గ్రంథిలో అడుగంటిన దాని నిల్వ నిండటానికి రెండు మూడు వారాలు పడుతుంది. నిండాక కూడా అది దాదాపు గంటకోసారి విడతగా రక్తంలోకి రావాలి. లేకపోతే పుటిక అండం విడవకుండానే కుంగిపోతుంది.

ఆ విడతల్ని తగ్గించేది ఆకలి. ఈనగానే పాలు పెరుగుతాయి, మేత మాత్రం అంత పెరగదు. ఆవు ఒంటి కొవ్వు కరిగించుకుంటుంది, ఇన్సులిన్ తగ్గుతుంది, మెదడు ఎల్.హెచ్.ను బిగబడుతుంది. మన వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే, దాన్నే నమ్ముకుంటే ఆవు చిక్కిపోతుంది. రోజుకు ఒంటి పోషణకు కిలోన్నర దాణా, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఇంకో కిలో, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, వీలైనంత పచ్చిగడ్డి పెట్టాలి. దాణా ఒక్కసారిగా పెంచితే పొట్ట పులుస్తుంది. రోజుకు అరకిలో చొప్పున పెంచండి. దూడ రోజంతా పొదుగు దగ్గరే ఉన్నా ఎద వెనక్కి పోతుంది. పాలు పితికే రెండు పూటలే వదలండి.

మాయ 12 గంటల్లో పడాలి. పడకపోతే లాగొద్దు, రాయి కట్టి వేలాడదీయొద్దు; గర్భసంచి చిరిగి చీము పడుతుంది. ఈనాక మానం నుంచి కారే మైల రెండు వారాల దాకా వాసన లేకుండా వస్తే భయం లేదు. అది నీళ్లలా కారి కంపు కొడుతూ, ఒళ్లు 103 డిగ్రీలు దాటితే ఆ రోజే డాక్టరును పిలవాలి.

మొదటి అండం తరచూ మూగగానే విడుదలవుతుంది, లక్షణాలు కనబడవు. 45 రోజుల లోపు ఎద కనబడినా గర్భసంచి లోపలి పొర ఇంకా సిద్ధం కాదు గనక వీర్యం వేయించకుండా తేదీ రాసుకోండి. 18–24 రోజుల్లో మళ్లీ వస్తుంది. తెల్లవారుజామునా, రాత్రి పడుకునే ముందూ మానం దగ్గర చూడండి. కోడిగుడ్డు సొనలా తేటగా తీగ సాగితే అది ఎదే. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వీర్యం వేయించాలి. తోకకు రక్తపు చార అంటితే ఎద దాటిపోయింది.

60 రోజులకూ రాకపోతే అండాశయం చేత్తో పరీక్ష చేయించండి. ఎదకు రప్పించే ప్రోస్టాగ్లాండిన్ సూది పనిచేసేది అక్కడ కార్పస్ లూటియం (అండం విడిచిన చోట ఏర్పడే పసుపు ముద్ద) ఉంటేనే. చూడి కట్టిన ఆవుకు తెలియక అదే సూది పడితే ఈసుకుపోతుంది, అంటే చూడి పోతుంది.