ఫుల్‌స్టాప్ తీసి కామా పెట్టారు

2024 మే 2న అమెరికాలోని షార్లెట్ నగరంలో యునైటెడ్ మెథడిస్ట్ చర్చి అనే ప్రొటెస్టెంట్ సంస్థ తన నియమాల పుస్తకం నుంచి ఒక వాక్యాన్ని తీసేసింది. స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు సరిపడదనేది ఆ వాక్యం. దాన్ని తీసేసి కొత్తగా రాసిన సామాజిక సూత్రాలకు 523 మంది ప్రతినిధులు అవునన్నారు, 161 మంది కాదన్నారు. ఆ మాట పుస్తకంలోకి ఎక్కి అప్పటికి 52 ఏళ్లు. ఎక్కిన తీరు చూస్తే మాత్రం ఎవరో పెద్దలు ఏళ్ల తరబడి ఆలోచించి రాసిన మాట అనిపించదు.

1968లో రెండు చర్చిలు కలిసి ఈ సంస్థ అయ్యాయి. రెండింటి సామాజిక సూత్రాలనూ కలిపి కొత్తగా రాయమని ఒక కమిటీని వేశారు. 1972లో అట్లాంటాలో జనరల్ కాన్ఫరెన్స్ జరిగినప్పుడు ఆ కమిటీ తెచ్చిన ముసాయిదాలో, స్వలింగ సంపర్కులు కూడా అందరిలాగే దేవుని దృష్టిలో విలువ గల మనుషులేననీ, సంఘం వాళ్లను ఆదరించాలనీ ఉంది. సభలో గొడవ మొదలైంది. టెక్సాస్ నుంచి వచ్చిన ఒక ప్రతినిధి లేచి, చివర ఉన్న ఫుల్‌స్టాప్ తీసి కామా పెట్టి, అయినా ఆ ఆచరణను మేము సమ్మతించము, అది క్రైస్తవ బోధకు సరిపడదు అని కలపాలని సవరణ ఇచ్చాడు. సభ కాస్త మాటలు సర్ది ఒప్పుకుంది. అలా ఒకే పేరాలో మొదటి సగం రమ్మంది, రెండో సగం అక్కడే ఆగమంది.

నాలుగేళ్లకోసారి జరిగే ఈ సభ తప్ప బిషప్ అయినా సరే నియమాలు మార్చలేడు. కాబట్టి తరువాతి పోరాటమంతా ఆ సభలోనే సాగింది. 1984లో స్వలింగ సంబంధంలో ఉన్నామని ఒప్పుకున్నవాళ్లకు పాస్టరు అభిషేకం ఇవ్వకూడదన్నారు. 1996లో స్వలింగ జంటల పెళ్లిళ్లు పాస్టర్లు జరపకూడదని, చర్చి భవనాల్లో అసలే వద్దని రాశారు. మరోవైపు, మా సంఘంలోకి అందరూ రావచ్చని బహిరంగంగా ప్రకటించే సంఘాల ఉద్యమం కూడా 1984లోనే మొదలైంది. ఒకరు బైబిల్లో స్వలింగ సంబంధాలను తప్పుపట్టే రోమా పత్రిక మొదటి అధ్యాయం తీస్తే, ఇంకొకరు అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో యూదుడు కాని కొర్నేలీ గడప తొక్కిన పేతురును చూపించేవారు.

పాస్టరు పదవి, పెళ్లి సంగతి సరే, మామూలు విశ్వాసి మాటేమిటి? 2005లో వర్జీనియా రాష్ట్రంలో అదే తేలాల్సి వచ్చింది. ఒకాయన ఒక సంఘంలో క్వయర్‌లో పాడుతున్నాడు, ఆరాధనకు క్రమంగా వస్తున్నాడు. సభ్యత్వం అడిగాడు. గే అని తెలిసి పాస్టరు ఇవ్వనన్నాడు. బిషప్ ఆ పాస్టరును పక్కన పెట్టారు. వివాదం జ్యుడీషియల్ కౌన్సిల్‌కు, అంటే చర్చి సుప్రీంకోర్టు లాంటిదానికి వెళ్తే, సభ్యత్వం ఇవ్వాలో వద్దో పాస్టరు ఇష్టమని తీర్పు వచ్చింది. కొద్ది రోజులకే బిషప్పులు, స్వలింగ సంపర్కం సభ్యత్వానికి అడ్డు కాదని లేఖ రాశారు. లేఖ వేరు, తీర్పు వేరు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే గుచ్చుకునేది ఈ కేసే. పాటకు గొంతు పనికొచ్చింది, రిజిస్టరులో పేరు పనికిరాలేదు.

విచారణలు కూడా నడిచాయి. ఫిలడెల్ఫియాలో బెత్ స్ట్రౌడ్ అనే పాస్టరు తాను ఒక స్త్రీతో కలిసి జీవిస్తున్నానని 2003లో తన సంఘం ముందే చెప్పింది. సంఘం అండగా నిలిచినా 2004 డిసెంబరులో ఆమె పాస్టరు హోదా పోయింది. పెన్సిల్వేనియాలోనే పాస్టరుగా ఉన్న ఫ్రాంక్ షేఫర్, గే అయిన తన కొడుకు పెళ్లి తానే జరిపించాడు. అది 2007 నాటి మాట. ఫిర్యాదు తరువాతెప్పుడో వచ్చింది, 2013లో హోదా తీసేశారు, మరుసటి ఏడాదే తిరిగి ఇచ్చారు. కన్న కొడుకు పెళ్లి చేసిన తండ్రిని బోనులో నిలబెట్టడం చర్చి బయటివాళ్లకు కూడా వింతగా తోచింది.

ఇక తేల్చేద్దామని 2019 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో ప్రత్యేక సభ పెట్టారు. ఎవరి ప్రాంతంలో వాళ్లు నిర్ణయించుకోవచ్చన్న ప్రణాళిక వైపు బిషప్పుల్లో ఎక్కువ మంది మొగ్గారు. సభ మాత్రం 438–384 ఓట్లతో నిషేధాన్ని ఇంకా గట్టి చేసింది. అప్పటికి అమెరికాలో సభ్యులు తగ్గుతూ, నిషేధం వైపు ఎక్కువగా మొగ్గే ఆఫ్రికాలో పెరుగుతూ వచ్చారు, ప్రతినిధుల లెక్కా అలాగే మారింది. కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు.

ఆ సభే సంఘాలు బయటికి వెళ్లే దారి కూడా తెరిచింది. సాధారణంగా మెథడిస్టుల్లో చర్చి స్థలం, భవనం మొత్తం సంస్థ కోసం ట్రస్టు కింద ఉంటాయి. చర్చి ఆస్తుల తగాదాలు మనకూ కొత్త కాదు కనుక దీని బరువు తేలిగ్గానే అర్థమవుతుంది. మూడింట రెండు వంతుల ఓటు తెచ్చుకుని, సంస్థకు కట్టాల్సిన బకాయిలు, పాస్టర్ల పెన్షన్ బాధ్యత తీర్చితే, భవనంతో సహా వెళ్లిపోవచ్చన్నారు. గడువు 2023 చివరిదాకా. ఆలోపు 7,600కు పైగా సంఘాలు వెళ్లిపోయాయి. అమెరికాలో ఉన్నవాటిలో అది దాదాపు నాలుగో వంతు. వాటిలో చాలావరకు నిషేధం ఉండాలన్నవే. 2022 మేలో గ్లోబల్ మెథడిస్ట్ చర్చి పేరుతో కొత్త సంస్థ కూడా పుట్టింది.

అందుకే 2024 మేలో అభిషేక నిషేధం 692–51 ఓట్లతో, చర్చ కూడా లేకుండా, ఎత్తేశారు. మనసులు మారి ఇంత తేడా వచ్చిందని చాలామంది రాశారు. కొంత నిజమే కావచ్చు. కాదనేవాళ్లలో పెద్ద భాగం అప్పటికే గేటు దాటి వెళ్లిపోవడం మాత్రం అసలు కారణం. అదే నెలలో ఐవరీ కోస్ట్ మెథడిస్టులు కూడా బయటికి వెళ్లాలని తీర్మానించారు. వాళ్లు పది లక్షల మందికి పైగా ఉంటారు. అదే నెలలో, దాదాపు 20 ఏళ్ల తరువాత, బెత్ స్ట్రౌడ్‌కు హోదా తిరిగి వచ్చింది.

మనకు దీనితో ఉన్న సంబంధం పాతది. హైదరాబాద్, వికారాబాద్ వైపు మెథడిస్టు సంఘాలు అమెరికా మిషనరీలు నాటినవి. మెదక్ వైపువి బ్రిటిష్ వెస్లియన్లవి, 1947లో సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిశాయి. బ్రిటన్ మెథడిస్టులు 2021లోనే స్వలింగ వివాహాలకు ఒప్పుకున్నారు. అంటే నాటినవాళ్లు ఇద్దరూ ఇప్పుడు ఒకే వైపు ఉన్నారు. అయితే మెథడిస్ట్ చర్చి ఇన్ ఇండియా 1981 నుంచి స్వతంత్రం, సీఎస్‌ఐ నిర్ణయాలు సీఎస్‌ఐవే. షార్లెట్‌లో తీసేసిన వాక్యం ఇక్కడ ఏ రిజిస్టరునూ మార్చదు.