పాత అడవి సాహస చిత్రాలు: అపోహలు – వాస్తవాలు

1930ల నుంచి 1950ల మధ్య దాకా హాలీవుడ్‌లో చిన్న సంస్థలు అడవి సాహస చిత్రాలను గంపలకొద్దీ తీశాయి. డెబ్బై నిమిషాల నిడివి, ఒక వేటగాడు, ఒక దారి తప్పిన అమ్మాయి, ఒక గొరిల్లా. ఇప్పుడు వాటిని చూసి నవ్వుకోనివారు లేరు. నేనూ నవ్వుతాను. ఎడిటింగ్ వృత్తిలో ఉన్నందువల్ల, ఆ కట్ అలా ఎందుకు పడిందని వెనక్కి తిప్పి చూస్తాను కూడా. అలా చూస్తే ఆ లోపాల్లో కొన్ని డబ్బు లేక వచ్చినవనీ, కొన్నింటికి డబ్బుతో సంబంధమే లేదనీ తెలుస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ అపోహలన్నీ.

అపోహ: నిజమైన అడవికి వెళ్లి తీసి ఉంటే బాగుండేవి.

వెళ్లినవాళ్లు ఉన్నారు. టార్జాన్ సృష్టికర్త ఎడ్గార్ రైస్ బరోస్ భాగస్వామిగా ఉన్న సంస్థ 1935లో ‘ది న్యూ అడ్వెంచర్స్ ఆఫ్ టార్జాన్’ సీరియల్‌ను (హాళ్లలో భాగాలుగా ఆడే సినిమాను) గ్వాటెమాలా అడవుల్లో తీసింది. అడవి అసలైనదే, శిథిలాలూ అసలైనవే. మాటలే సరిగ్గా వినబడవు. అక్కడి వాతావరణం వల్ల ధ్వని దెబ్బతిన్నదని, ప్రేక్షకులు మన్నించాలని సినిమా మొదట్లోనే తెర మీద ఒక ప్రకటన వేసుకోవాల్సి వచ్చింది. నిర్మాత తన సినిమా మీద తానే ముందుగా ఫిర్యాదు రాసుకోవడం నేను మరెక్కడా చూడలేదు!

పెద్ద సంస్థకూ ఈ బాధ తప్పలేదు. ఎంజీఎం ‘ట్రేడర్ హార్న్’ (1931) కోసం యూనిట్‌ను ఆఫ్రికాకు పంపింది. తీరా తిరిగి వచ్చాక చాలా భాగాన్ని మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. ఆ కాలపు ధ్వని పరికరాలకు తేమ, ఎండ, జనరేటర్ చప్పుడు అన్నీ శత్రువులే. కాలిఫోర్నియాలోని ఆర్కేడియాలో, నేటి లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆర్బొరేటమ్ తోటలో, నాలుగు ఈత చెట్ల మధ్య తీసినవాళ్లు పిరికివాళ్లేమీ కారు. లెక్క తెలిసినవాళ్లు.

అపోహ: పాత సినిమాల నుంచి జంతువుల షాట్లు ఎత్తి అతికించడం పేద నిర్మాతల పని.

ఎంజీఎం 1932లో ‘టార్జాన్ ది ఏప్ మ్యాన్’ తీసినప్పుడు ‘ట్రేడర్ హార్న్’లో మిగిలిన ఆఫ్రికా ఫుటేజీనే వాడుకుంది. టార్జాన్ వేషం వేసిన జానీ వైస్‌ముల్లర్ 1934 నాటి ‘టార్జాన్ అండ్ హిజ్ మేట్’లో మొసలితో పెనుగులాడిన దృశ్యాన్ని తర్వాతి టార్జాన్ చిత్రంలో మళ్లీ వాడింది. మోనోగ్రామ్ సంస్థ 1949లో ‘బాంబా’ పరంపర మొదలుపెట్టినప్పుడు 1930 నాటి ‘ఆఫ్రికా స్పీక్స్’ షాట్ల మీద ఆధారపడింది. పన్నెండు చిత్రాలు సాగిన పరంపర అది. పద్ధతి అందరిదీ ఒకటే. అతుకు కనబడిందా లేదా అన్నదే తేడా.

అతుకు కనబడటం అంటే ఏమిటో తెలియాలంటే 1945 నాటి ‘ది వైట్ గొరిల్లా’ చూడాలి. అందులో చాలా భాగం 1927లో వచ్చిన ‘పెరిల్స్ ఆఫ్ ది జంగిల్’ అనే మూకీ సీరియల్ నుంచి తెచ్చినదే. పద్దెనిమిదేళ్ల నాటి నటులతో కొత్త కథానాయకుడు మాట్లాడలేడు కదా! అందుకని రే కోరిగన్ పొదల చాటున నిలబడి చూస్తుంటాడు. ఎదుట సింహాలు మనుషుల మీదికి వస్తున్నా సాయానికి వెళ్లడు. వెళ్లడానికి ఆ షాట్‌లో అతను లేడు. తర్వాత తీరిగ్గా ఆ కథ చెబుతాడు. సినిమాలో తెల్ల గొరిల్లా కూడా అతనే కాబట్టి, ఇద్దరూ తలపడే చోట ఎవరో ఒకరికి డూపు పెట్టక తప్పదు.

ఇక వేగం సంగతి. మూకీలను తరచూ సెకనుకు 24 ఫ్రేముల కంటే తక్కువ వేగంతో తీసేవారు. వాటిని టాకీ వేగంలో ఆడిస్తే మనుషులు పరుగెత్తినట్టు నడుస్తారు. 16 ఫ్రేముల షాట్‌లో ప్రతి రెండో ఫ్రేమును రెండుసార్లు ముద్రిస్తే 24కు వస్తుంది, నడక కుదుటపడుతుంది. దానికి ల్యాబ్ ఖర్చు ఉంది కాబట్టి చాలామంది ఆ జోలికి పోలేదు. పైగా మూకీ ఫ్రేము వెడల్పు మొత్తం బొమ్మే. టాకీ ప్రింటులో ధ్వని పట్టీకి చోటివ్వాలి కాబట్టి ఎడమ అంచున నిలబడ్డవాడి భుజం ఎగిరిపోతుంది. నకలుకు నకలు తీసిన కొద్దీ గ్రెయిన్, అంటే బొమ్మ మీది రవ్వల్లాంటి మచ్చలు, పెరుగుతుంది, నలుపు తెలుపుల మధ్య ఛాయలు చచ్చిపోతాయి. ఏనుగు ఇసుకతో గీసిన బొమ్మలా, దాని వైపు చూస్తున్న హీరో అద్దంలో ప్రతిబింబంలా ఉండటానికి కారణం ఇదే.

ఇవన్నీ డబ్బు లోపాలు, క్షమిద్దాం. చూపు దిశ తప్పడానికి మాత్రం పేదరికం సాకు చెల్లదు. పులి ఫ్రేములో ఎడమ నుంచి కుడికి చూస్తుంటే, హీరో కుడి నుంచి ఎడమకు చూడాలి. ఎండ కూడా ఒకే పక్క నుంచి పడాలి. పాత సినిమాల నుంచి తెచ్చిన స్టాక్ షాట్లను ముందుగా ఒకసారి చూసుకుని, ‘పులి చూపు కుడికి, ఎండ పైనుంచి’ అని కాగితం మీద రాసుకుని చిత్రీకరణకు వెళితే చాలు. పైసా ఖర్చు కాదు. అది కూడా చేయకపోవడం వల్లే హీరో ఒక పక్కకు తుపాకీ పేల్చితే మృగం మరో పక్క కూలుతుంది.

అపోహ: తక్కువ ఖర్చుతో తీసి నష్టపోయారు.

నష్టపోతే పరంపరలు సాగవు. సామ్ కాట్జ్‌మన్ కొలంబియా కోసం ‘జంగిల్ జిమ్’ వరసలో 1948 నుంచి 1955 దాకా పదహారు చిత్రాలు తీశాడు. టార్జాన్ వేషం మానేసిన వైస్‌ముల్లర్‌కు చొక్కా తొడిగించి నిలబెట్టాడు. చివరి మూడింటికి జంగిల్ జిమ్ అనే పాత్ర పేరు వాడుకునే హక్కు లేకపోతే, పాత్రకు జానీ వైస్‌ముల్లర్ అనే పేరు పెట్టేసి పని కానిచ్చాడు. ఒకే టికెట్టుకు రెండు సినిమాలు చూపే ఆటలో, పెద్ద సినిమాకు తోడుగా వేసే చిన్న సినిమాకు హాళ్లు సాధారణంగా ఇంత అని ఖరారు అద్దె ఇచ్చేవి, వసూళ్లలో వాటా కాదు. సినిమా రెట్టింపు బాగున్నా రాబడి అదే. ఇంకో రోజు చిత్రీకరిస్తే ఆ ఖర్చు నేరుగా లాభంలోంచి పోతుంది. అలాంటి ఏర్పాటులో ‘బాగా తీద్దాం’ అన్నవాడు నిర్మాతకు పిచ్చివాడిలా కనబడి ఉంటాడు.

అపోహ: గొరిల్లా చర్మం ఎవరికైనా తొడిగేవారు.

అది ప్రత్యేకమైన వృత్తి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన శిల్పి చార్లెస్ జెమోరా తన గొరిల్లా వేషాలను తానే తయారుచేసుకునేవాడు, జంతుప్రదర్శనశాలలో అసలు గొరిల్లాలను గమనించి నడక నేర్చుకున్నాడు. కోరిగన్‌కూ సొంత చర్మాలు ఉండేవి. ఎంత నేర్పరైనా శరీర నిర్మాణాన్ని దాచలేడు. గొరిల్లాకు చేతులు పొడవు, కాళ్లు కురచ. మనిషికి అది తలకిందులు. మోకాలి దగ్గర మడత పడే చోటు చూడండి, అక్కడే పట్టుబడిపోతాడు.

ఏనుగులదీ ఇదే గతి. ఆఫ్రికా కథలోకి మన ఏనుగులను తెచ్చి, వాటికి పెద్ద నకిలీ చెవులు కట్టారు. సర్కస్‌ల వద్ద శిక్షణ పొంది సిద్ధంగా ఉన్నవి అవే మరి. గుడి ఏనుగును చూసి పెరిగిన మనకు చెవులతో పనిలేదు. నుదుటి మీది రెండు ఉబ్బులు, పైకి లేచిన వీపు చాలు. ఆఫ్రికా ఏనుగు వీపు మధ్యలో పల్లంగా ఉంటుంది. అడవి ధ్వనిగా వినిపించే ఆ కోతి నవ్వు మాత్రం కోతిది కాదు, ఆస్ట్రేలియా పక్షి కూకబర్రాది.

అపోహ: ఆనాటి ప్రేక్షకులు అమాయకులు, అన్నీ నమ్మేశారు.

1930లో ‘ఇంగాగి’ అనే చిత్రం కాంగోలో తీసిన అసలు డాక్యుమెంటరీనంటూ వచ్చి బాగా డబ్బు చేసుకుంది. అనుమానాలు వెంటనే మొదలయ్యాయి. కొత్తగా కనుగొన్న విష జంతువని చూపినది రెక్కలు, పొలుసులు, తోక అంటించిన తాబేలు. పిగ్మీలుగా, అంటే పొట్టిగా ఉండే ఆఫ్రికా అడవి తెగవారిగా, చూపినవారు లాస్ ఏంజెలెస్ పిల్లలు. గొరిల్లా మన జెమోరానే, ఆ మాట అతను ప్రమాణపూర్వకంగా రాసిచ్చాడు. 1933లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రచారాన్ని ఆపించింది.

అపోహ: ఆఫ్రికన్లను అలా చూపడం కూడా బడ్జెట్ లోపమే.

ఇది నాకు ఒళ్లు మండే వాదన. ఎంజీఎం దగ్గర డబ్బుకు కొదవ లేదు. అయినా 1932 నాటి టార్జాన్‌లో పిగ్మీలుగా మరుగుజ్జు తెల్లవారికి నల్లరంగు పూసి నిలబెట్టింది. మూటలు మోయడానికి, లోయలో పడిపోవడానికి తప్ప ఈ చిత్రాల్లో నల్లజాతి పాత్రలకు కథలో పని ఉండదు, పేరు కూడా తరచూ ఉండదు. ఒక మనిషికి పేరు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? చిన్న సంస్థలు ఈ పద్ధతిని పెద్దవాటి నుంచే నేర్చుకున్నాయి.

అపోహ: ఇదంతా హాలీవుడ్ గొడవ, మనకు సంబంధం లేదు.

సేలంలోని మోడరన్ థియేటర్స్, తెలుగు సినిమాలు కూడా తీసిన సంస్థే, 1952లో అమెరికాకు చెందిన లిప్పర్ట్ సంస్థతో కలిసి ‘ది జంగిల్’ నిర్మించింది. దర్శకుడు విలియం బెర్క్, ‘జంగిల్ జిమ్’ మొదటి చిత్రం తీసినవాడే. రాడ్ కామెరాన్, సీజర్ రొమేరో, మేరీ విండ్సర్ ఇక్కడికి వచ్చి నటించారు. తమిళంలో ‘కాడు’గా వచ్చింది. అడవి ఇక్కడే ఉంది, ఏనుగులూ ఇక్కడివే, ఈసారి నకిలీ చెవులు అక్కర్లేదు. అయినా వాటిని ఏనుగులుగా వదల్లేదు. ఒంటి నిండా బొచ్చు అంటించి, చరిత్రకు పూర్వపు మామత్‌లుగా నడిపించారు.