బెంగళూరు బయోటెక్ రంగం: మావైపు వినిపించే అపోహలు, వాస్తవాలు

బెంగళూరు బొమ్మసంద్రలో మందుల పరిశోధన చేసే ఒక సంస్థలో, సెల్ కల్చర్ (జీవకణాలను ప్రయోగశాలలో పెంచే) విభాగంలో నేను పని చేస్తున్నాను. సొంతూరు అనంతపురం జిల్లాలో కావడంతో, ఏ పెళ్లికి వెళ్లినా బయోటెక్నాలజీ చదివే పిల్లల తల్లిదండ్రులు నన్ను పక్కకు పిలిచి మాట్లాడుతుంటారు. వారు గట్టిగా నమ్ముతున్న కొన్ని సంగతులను సరిదిద్దవలసి ఉంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక, వాటి వెంటే బయోటెక్ కూడా బెంగళూరుకు వచ్చింది.

వాస్తవం: కిరణ్ మజుందార్ కోరమంగళలోని ఒక అద్దె ఇంటి గ్యారేజీలో 10,000 రూపాయల పెట్టుబడితో బయోకాన్ అనే బయోటెక్ కంపెనీని మొదలుపెట్టింది 1978లో; అప్పటికి ఇన్ఫోసిస్ పుట్టనే లేదు. ఆమె మొదట తయారు చేసినవి మందులు కూడా కావు. బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ అనే ఎంజైమునూ, చేప గాలితిత్తి నుంచి తీసి బీరును తేటపరచడానికి వాడే ఐసింగ్లాస్‌నూ విదేశాలకు పంపేవారు. ఆ తరువాత ఎంజైముల కోసం సాధించిన పులియబెట్టే విద్యే ఈస్ట్‌తో ఇన్సులిన్ తయారు చేయడం దాకా నడిపించింది. అంతకంటే వెనక్కి వెళితే 1909లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, అందులో 1921 నుంచి ఉన్న జీవరసాయన విభాగం కనిపిస్తాయి. కంప్యూటర్ల సాయం అసలు లేదని కాదు. 2000లో ఆ ఇన్‌స్టిట్యూట్ అధ్యాపకులే స్థాపించిన స్ట్రాండ్ అనే కంపెనీ కంప్యూటర్ విద్యనూ, జీవశాస్త్రాన్నీ కలిపింది.

అపోహ: మందులంటే హైదరాబాదే, బెంగళూరులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

వాస్తవం: టీకాల విషయంలో హైదరాబాదు దగ్గరి బయోటెక్ కంపెనీల సముదాయం జీనోమ్ వ్యాలీ ముందున్న మాట నిజమే. బయోసిమిలర్ల (జీవకణాలతో తయారైన అసలు మందును పోలి ఉండేలా మరో కంపెనీ చేసే మందుల) విషయంలో మాత్రం, రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్‌కు అమెరికా అనుమతి పొందిన మొదటి బయోసిమిలర్‌ను 2017లో మైలాన్ అనే మందుల కంపెనీతో కలిసి తెచ్చింది బెంగళూరు కంపెనీ బయోకానే.

అపోహ: మంచి ఆలోచన, ప్రభుత్వ గ్రాంటు ఉంటే రెండేళ్లలో మందు బజారులోకి వస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. బయోటెక్ స్టార్టప్‌లకు సాయపడే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్, కొత్త ఆలోచనలకు ఇచ్చే బిగ్ అనే గ్రాంటు గరిష్ఠంగా 50 లక్షల రూపాయలు, గడువు 18 నెలలు. ఆలోచన పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి అది సరిపోతుంది, మందు తయారీకి కాదు. బెంగళూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే) ఆవరణలో, ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ పక్కనే ఉండి స్టార్టప్‌లకు సాయపడే సీ-క్యాంప్ వంటి చోట్ల ఖరీదైన పరికరాలు, ప్రయోగశాల దొరుకుతాయి గాని, కణాలను తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. మేము పెంచే కణాలు రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. వాటికి 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ నిరంతరం ఉండాలి. నేను మునుపు పని చేసిన చోట ఒక ఆదివారం గ్యాస్ సిలిండర్ ఖాళీ అయినా ఎవరూ చూసుకోలేదు. సోమవారం ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీస్తే ఎర్రగా ఉండవలసిన ద్రావణం ముదురు గులాబీ రంగుకు తిరిగి ఉంది, అంటే క్షారగుణం పెరిగిపోయిందన్నమాట. ఆరు వారాల శ్రమ సింకులో పోసి, ఫ్రీజర్ నుంచి గడ్డకట్టించి దాచిన కణాల గొట్టం మరొకటి తీసి మళ్లీ మొదలుపెట్టాము. అందుకే మావాళ్లలో చాలామంది పండుగ రోజు కూడా ఒక పూట ల్యాబుకు వెళ్లి వస్తుంటారు. ఇంట్లో వాళ్లకు అది ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: ఎమ్మెస్సీ చేస్తే రోజంతా సూక్ష్మదర్శిని ముందు కూర్చునే ఉద్యోగం వస్తుంది.

వాస్తవం: మా పనిలో సగం రాతపనే. రాయనిది జరగనట్టే లెక్క. ఇంటర్వ్యూకు వచ్చిన వారి చేతికి నేను ఒక పాత ప్రయోగ పుస్తకం పుట ఇచ్చి, తప్పు ఎక్కడుందో చూడమంటాను. చాలామంది లెక్కలు సరిచూస్తారు. 7 మీద దిద్ది 9 చేసిన చోటు మాత్రం పట్టుకోరు. ఆ అంకెను ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ పెట్టాలి. కొట్టివేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి.